నవ్వుకి నీతి ఎందుకండీ?

పిల్లల కథల పుస్తకం ఏదైనా తీసుకుని చివరి పేజీ తిప్పి చూడండి. కథ అయిపోయిన చోట ఒక గీత ఉంటుంది. గీత కింద లావు అక్షరాల్లో "నీతి" అన్న మాట, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత ఒక వాక్యం. దురాశ దుఃఖానికి చేటు, ఐకమత్యమే మహాబలం, పెద్దల మాట చద్దిమూట... వీటిలో ఏదో ఒకటి. మన తరం ఆ గీతని చూస్తూ పెరిగింది కాబట్టి, అది లేకపోతే పుస్తకంలో ఆఖరి పేజీ చిరిగిపోయిందేమో అనిపిస్తుంది.

ఈసారి నా గొడవంతా ఆ గీత గురించే. రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకి నవ్వించే జంతువుల బొమ్మల పుస్తకాలు కొంటాం కదా, కోటు తొడుక్కున్న కుందేలూ, బస్సు నడుపుతానని మారాం చేసే పావురమూ, టోపీ పెట్టుకున్న పిల్లీ ఉండేవి. వాటికి ఆ గీత అక్కర్లేదని నా అభిప్రాయం. అచ్చులో ఉన్న నీతి సంగతి అటుంచండి, మనం నోటితో అడిగే నీతి కూడా వద్దంటాను. పుస్తకం మూసీ మూయగానే "ఈ కథలో నీతి ఏంటి కన్నా?" అంటామే, ఆ ప్రశ్న. అది మానేస్తే పిల్లలు చెడిపోరు. పుస్తకం దగ్గర ఇంకో పావుగంట ఎక్కువ కూర్చుంటారు.

నీతి వద్దని చెప్పడానికి నేనెవర్ని? తెలుగు బి.ఏ. చదివినదాన్ని, సుమతీ శతకం, వేమన పద్యాలు మా పిల్లలకి నేనే కంఠతా పట్టించాను. దేని పని దానిది అంటున్నానంతే. పద్యం చేసే పని వేరు, బొమ్మల పుస్తకం చేసే పని వేరు. పచ్చడి జాడీలో పాయసం పోస్తే రెండూ పాడవుతాయి.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, మా తోడికోడలి కొడుకు వల్ల. ఐదేళ్లవాడు, యూకేజీ. పై వాటాలో వాళ్లు, కింద వాటాలో మేమూ అత్తయ్యగారూ మావయ్యగారూ. మా పిల్లలు పెద్దవాళ్లైపోయారు, పెద్దది ఇంటరు, చిన్నాడు తొమ్మిదో తరగతి. వాళ్ల చిన్ననాటి పుస్తకాలున్న ట్రంకుపెట్టె ఇప్పుడు వీడి సొంతం. సాయంత్రం పాలు తాగి, పెట్టెలోంచి ఒక పుస్తకం లాక్కుని, ఎవరి ఒడి ఖాళీగా ఉంటే అందులో కూర్చునేవాడు.

ఈ సంవత్సరం వాడి బడిలో వారానికొక కథ అని ఒక నోటుబుక్కు పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లు కథ చదివి వినిపించాలి. నోటుబుక్కులో మూడు గడులు నింపాలి: కథ పేరు, పాత్రల పేర్లు, నీతి. ఇంటింటా కథ చదివించాలన్న ఆలోచన మంచిదే, నేను తప్పు పట్టను. చిక్కంతా ఆ మూడో గడితోనే. వాడు వాడి తెలివి కొద్దీ దానికొక తాళంచెవి కనిపెట్టుకున్నాడు. ఏ కథైనా సరే, "అందరితో పంచుకోవాలి". ఏనుగు బురదలో జారి పడినా పంచుకోవాలి. ఎలుక పిల్లి తోక పట్టుకుని ఊగినా పంచుకోవాలి. ఒకరోజు నేను అట్ట తెరవకుండానే "పెద్దమ్మా, పంచుకోవాలి. ఇంక చదువు" అన్నాడు. టోల్‌గేటు దగ్గర ముందే డబ్బు కట్టేసి బండి పోనిమ్మన్నట్టు.

అందరం పడీ పడీ నవ్వాం. కానీ తర్వాత రెండు మూడు వారాల్లో వాడు పెట్టె దగ్గరికి వెళ్లడమే తగ్గించాడు. పాలు తాగగానే వాళ్లమ్మ ఫోను కోసం వెతుక్కోవడం మొదలైంది. "కథ చదువుకుందాం రారా" అంటే, "ఫోనులో అయితే ఏం అడగరు" అన్నాడు. మా తోడికోడలు ఆ మాట నాతో చెప్పినప్పుడు ఇద్దరికీ కాసేపు ఏం తోచలేదు. పిల్లలకి ఫోను ఎందుకంత ఇష్టమో మనం ఎన్ని కారణాలు చెప్పుకుంటాం! రంగులంటాం, పాటలంటాం, అలవాటంటాం. వాడు చెప్పిన కారణం మాత్రం ఇది: ఫోను పరీక్ష పెట్టదు. పుస్తకం పెడుతోంది.

అసలు ఆ జంతువుల పుస్తకాలు ఏం చేస్తాయో ఒకసారి చూద్దాం.

వీటన్నిటికీ పెద్దమ్మలాంటి పుస్తకం ఇంగ్లండులో పుట్టింది, పీటర్ రాబిట్ కథ. బియాట్రిక్స్ పాటర్ అనే ఆవిడ 1893లో, తనకి ఒకప్పుడు చదువు చెప్పిన పంతులమ్మగారి ఐదేళ్ల కొడుక్కి జబ్బు చేస్తే, మంచం మీద ఉన్న పిల్లాడికి బొమ్మలు వేసి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంలోదే ఈ కుందేలు. తర్వాత దాన్ని పుస్తకంగా వెయ్యమని అడిగితే ప్రచురణకర్తలు కాదన్నారు. 1901లో తన ఖర్చుతోనే 250 ప్రతులు అచ్చు వేయించుకుంది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ వేశాక అది ప్రపంచమంతా తిరిగింది.

కథ ఏముందని? పక్కింటి తోటలోకి వెళ్లొద్దు, మీ నాన్న అక్కడికి వెళ్లే వంటకమైపోయాడు అని తల్లి కుందేలు చెబుతుంది. ముగ్గురు ఆడపిల్లలు వింటారు. పీటరు తిన్నగా ఆ తోటకే వెళ్తాడు. ఆకుకూరలు, చిక్కుళ్లు, ముల్లంగి కడుపు నొప్పి వచ్చేదాకా తింటాడు. తోటమాలి తరుముతాడు. జోళ్లు పోతాయి, కొత్త నీలం కోటు పోతుంది, మొక్కలకి నీళ్లు పోసే డబ్బాలో దాక్కుంటే అందులో నీళ్లుండి తుమ్ము వస్తుంది. ఎలాగో ఇల్లు చేరి పడిపోతాడు. తల్లి ఉపన్యాసం ఇవ్వదు, చేమంతి జాతి పూల కషాయం కాచి తాగించి పడుకోబెడుతుంది. అక్కచెల్లెళ్లు పాలు, రొట్టె, నేరేడు రంగు పళ్లు తింటారు. అంతే. గీత లేదు, రెండు చుక్కలు లేవు. ఉత్తరం రాసినావిడ ఉద్దేశం పిల్లాడికి బుద్ధి చెప్పడం కాదు కదా, వాడి మొహం మీద నవ్వు చూడటం.

ఈ కథ వింటున్న పిల్లవాడు పీటరే. వద్దన్న పని చేసి, చొక్కా చింపుకుని, కాళ్లు పీక్కుపోతుంటే ఇంటికి వచ్చిన రోజు ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. అయితే తిట్లు, భయం, కషాయం అన్నీ కుందేలుకి పడుతున్నాయి. తనేమో అమ్మ ఒడిలో వెచ్చగా కూర్చుని చూస్తున్నాడు. తన అల్లరిని తనే దూరం నుంచి చూసుకుని నవ్వగలగడం చిన్న విషయం కాదు, పెద్దవాళ్లలో ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి? అదే కథలో కుందేలు బదులు చింటూ అనో పండు అనో ఒక పిల్లాణ్ణి పెట్టి చూడండి. వినేవాడు వెంటనే సర్దుకుని కూర్చుంటాడు. తన గురించే చెబుతున్నారని, చివర ఏదో ఉందని వాడికి తెలిసిపోతుంది.

ఇంకో పుస్తకం, 2003లో అమెరికాలో వచ్చిన మో విలెమ్స్ పావురం. మొదట్లోనే బస్సు డ్రైవరు బయటికి వెళ్తూ, ఈ పావురాన్ని మాత్రం బస్సు నడపనివ్వొద్దని పుస్తకం చదివేవాళ్లకే అప్పజెప్పి వెళ్తాడు. ఇక పావురం మొదలుపెడుతుంది. బతిమాలుతుంది, లంచం పెడతానంటుంది, అలుగుతుంది, చివరికి రెక్కలు కొట్టుకుంటూ పేజీ అంతా గగ్గోలు పెడుతుంది. పిల్లలు మనతో ఎన్ని వేషాలు వేస్తారో అన్నీ అది వేస్తుంది. "కుదరదు" అని చెప్పాల్సింది మాత్రం పిల్లలు! పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంట్లో అందరి దగ్గరా వద్దు, కాదు, కుదరదు అన్న మాటలు వినే ఐదేళ్లవాడికి, తను కుదరదు అనే అవకాశం రోజులో ఇదొక్కటే. మా ఇంట్లో ఆ పావురం తెలుగులోనే ఏడుస్తుంది. అందులోనూ మా చిన్నాడు చిన్నప్పుడు సైకిలు కోసం ఏడ్చిన రాగంలో. వీడు నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం వాళ్ల నాన్నలా "చెప్పానా లేదా?" అంటాడు. దీనికి నీతి ఏం రాస్తారు? లైసెన్సు లేకుండా బండి నడపరాదు అనా?

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్యాట్ హచిన్స్ 1968లో చేసిన కోడిపెట్ట పుస్తకం, రోజీ షికారు. మొత్తం పుస్తకానికి ఇంగ్లీషులో 32 మాటలే. కోడిపెట్ట పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము ఎక్కి దిగి, తేనెపెట్టెల కింద నుంచి నడిచి అన్నం వేళకి ఇల్లు చేరిందని మాత్రమే ఆ మాటలు చెబుతాయి. బొమ్మల్లో మాత్రం దాని వెనకాలే ఒక నక్క. పట్టుకోబోయిన ప్రతిసారీ దానికేదో ఒకటి అవుతుంది. పళ్లకర్ర మీద కాలేస్తే కర్ర లేచి మొహాన కొడుతుంది, దూకితే చెరువులో పడుతుంది, పిండి బస్తా నెత్తిన కుమ్మరిస్తుంది, చివరికి తేనెటీగలు తరుముతాయి. ఆ నక్క గురించి అక్షరాల్లో ఒక్క ముక్క లేదు!

మా అత్తయ్యగారు మూడో తరగతితో చదువు ఆపేశారు. ఇంగ్లీషు అస్సలు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతారు. అందుకని మనవడు పుస్తకం తెస్తే "మీ పెద్దమ్మ దగ్గరికి పో" అనేవారు. ఈ కోడిపెట్ట పుస్తకం మాత్రం ఆవిడే చదువుతారు. "మన కోడి షికారుకి బయల్దేరిందమ్మా" అని ఏమీ ఎరగనట్టు మొదలుపెడతారు. వాడు "నానమ్మా, వెనక నక్క! వెనక నక్క!" అని అరుస్తాడు. "నక్కా? ఏదీ? నాకేం కనపళ్లేదే" అంటారావిడ. చదువు రానివాడికే పుస్తకంలో ఎక్కువ తెలుసు, అక్షరాలు చదివే పెద్దవాళ్లకి తక్కువ తెలుసు. బొమ్మల పుస్తకం పిల్లాడికి ఇచ్చే గౌరవం అది. చివర మనం "నీతి ఏంటి?" అని అడిగిన క్షణంలో ఆ గౌరవం మనమే వెనక్కి లాక్కుంటాం. అంతవరకూ వాడు తెలిసినవాడు, ఆ ప్రశ్నతో మళ్లీ విద్యార్థి.

ఇక్కడ నాకు వచ్చే మొదటి ఎదురు ప్రశ్న తెలుసు. "మన పంచతంత్రం మాటేమిటి? మనవాళ్లు జంతువులతో నీతి చెప్పలేదా?" అంటారు. మా మావయ్యగారు అన్నది కూడా ఇదే.

చెప్పారు. ఎవరికి చెప్పారో చూడండి. సంస్కృత పంచతంత్రం మొదట్లోనే ఉంది కథ. అమరశక్తి అనే రాజుకి చదువబ్బని కొడుకులు ముగ్గురు. ఆరు నెలల్లో వాళ్లని నీతిశాస్త్రంలో దిట్టలు చేస్తానని విష్ణుశర్మ పూనుకుంటాడు. అక్కడ నీతి అంటే పంచుకోవాలి, పళ్లు తోముకోవాలి అని కాదండీ, రాజనీతి. ఎవరిని నమ్మాలి, ఎవరిని విడగొట్టాలి, బలవంతుడి కొలువులో ఎలా నెగ్గుకు రావాలి అన్నది. రేపో మాపో సింహాసనం ఎక్కాల్సిన రాజకుమారుల పాఠం అది, మూడేళ్లవాళ్ల జోలపాట కాదు.

మన పరవస్తు చిన్నయసూరిగారు 1853లో నీతిచంద్రికగా తెలుగు చేసినవి మిత్రలాభం, మిత్రభేదం. డిగ్రీలో ఆ వచనం చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మిత్రభేదంలో ఏం జరుగుతుంది? సింహానికీ ఎద్దుకీ చక్కటి స్నేహం కుదురుతుంది. దమనకుడనే నక్క చాడీలు చెప్పి ఆ స్నేహాన్ని విరిచేస్తుంది. సింహం ఎద్దుని చంపేస్తుంది. సంస్కృత మూలంలో దమనకుడికి శిక్ష పడదు, హాయిగా మంత్రిగా కొనసాగుతాడు. మన పుస్తకాల్లో "బుద్ధిబలం" అని గీత కింద రాసే కుందేలు, సింహం, బావి కథ ఉంది చూశారూ, అది అసలు చెప్పేది ఆ దమనకుడే! ఉపాయం ఉంటే ఎంత బలవంతుణ్ణయినా పడగొట్టొచ్చని కరటకుడికి నమ్మకం కలిగించడానికి, తన కుట్రకి ముందు చెబుతాడు. ఎంత గొప్ప గ్రంథం! ఎంత లోకజ్ఞానం! ఈ కథలు పహ్లవీలోకీ, అక్కడి నుంచి అరబ్బీలోకీ వెళ్లి లోకమంతా తిరిగాయంటే ఊరికే తిరిగాయా? పిల్లలు పదిహేనేళ్ల వాళ్లయ్యాక కూర్చోబెట్టి పూర్తిగా చదివించాల్సిన పుస్తకం. దాన్ని ముక్కలు చేసి, ముక్కకో నీతి అంటించి, నాలుగేళ్లవాడికి మాత్రగా మింగించడం పంచతంత్రానికీ న్యాయం కాదు, పిల్లాడికీ న్యాయం కాదు.

మన ఇళ్లల్లో చిన్నపిల్లలకని ప్రత్యేకంగా చెప్పే కథ వేరే ఉంది. ఏడు చేపల కథ. రాజుగారి కొడుకులు తెచ్చిన చేపల్లో ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే అది గడ్డివాము మీద చెబుతుంది, గడ్డివాము ఆవు మీద చెబుతుంది, అలా ఒకరి మీద ఒకరు తోసుకుంటూ తోసుకుంటూ కథ చీమ దగ్గరికి చేరుతుంది. చీమ మాత్రం ఎవరి మీదా తోయదు. తన పుట్టలో వేలు పెడితే కుట్టక ఏం చేస్తానని నిలదీస్తుంది. పిల్లలు అక్కడ పకపకా నవ్వుతారు, కథ ముగుస్తుంది. మా అమ్మమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, ఒక్కసారి కూడా నీతి అడగలేదు. మీ అమ్మమ్మ అడిగిందా? అంటే, నీతి లేకుండా జంతువుల కథ చెప్పడం దిగుమతి సరుకేం కాదు. మన వంటింటి గడప మీద ఎప్పటి నుంచో ఉన్నదే.

రెండో ప్రశ్న ఇంకాస్త గట్టిది. "నీతి ఎత్తి చెప్పకపోతే పిల్లలు మంచి ఎలా నేర్చుకుంటారు?"

దీనికి ఒక పరిశోధన సంగతి చెబుతాను. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంవాళ్లు 2017లో ప్రచురించారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి స్టిక్కర్లు ఇచ్చి, స్టిక్కర్లు దొరకని వేరే పిల్లలకి కొన్ని ఇవ్వొచ్చు అని చెప్పారు. ఎవరెన్ని ఇచ్చారో లెక్కపెట్టుకున్నారు. తర్వాత ఒక గుంపుకి, పంచుకోవడం నేర్చుకునే ఒక జంతువు కథ చదివారు. రెండో గుంపుకి అదే కథ, జంతువుల స్థానంలో మనుషుల బొమ్మలు పెట్టి చదివారు. మూడో గుంపుకి విత్తనాల గురించిన పుస్తకం. మళ్లీ స్టిక్కర్లు ఇచ్చి చూస్తే, మనుషుల బొమ్మల కథ విన్న పిల్లలు మునుపటికన్నా ఎక్కువ పంచారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. నీతి ఎక్కించాలంటే మనుషుల పాత్రలు మేలని వాళ్లు తేల్చిన మాట.

అంటే చూడండి, మావాడు ఏ కథకైనా అప్పజెప్పే "పంచుకోవాలి" అన్న ముక్క కూడా, జంతువు చేత చెప్పిస్తే అక్కడ ఒంటబట్టలేదు. ఒక్క పరిశోధనని పట్టుకుని ఊరేగను గానీ, తల్లిగా నాకు ఇందులో ఆశ్చర్యమేం కనిపించలేదు. కుందేలు కుందేలే, తను తనేనని పిల్లలకి తెలుసు. "ఏనుగు చొక్కా తొడుక్కోవడమేంటి, పిల్లలకి అబద్ధాలు నేర్పడం కాదూ?" అని మావయ్యగారు విసుక్కుంటే, ఆ ఐదేళ్లవాడే "తాతయ్యా, ఇది ఉత్తుత్తిదే" అని ఆయనకి ధైర్యం చెప్పాడు. ఆ ఉత్తుత్తితనమే ఆ పుస్తకాల బలం. ఉత్తుత్తిది కాబట్టే భయం లేకుండా నవ్వుతాడు. ఉత్తుత్తిది కాబట్టే బుద్ధులు నేర్పడానికి పనికిరాదు. ఒక పనికి పనికొచ్చే గుణమే ఇంకో పనికి అడ్డం.

మరి పంచుకోవడం ఎక్కడ నేర్చుకుంటాడంటారా? మామిడిపళ్ల బుట్ట వస్తే పై వాటాకి ఎన్ని, పనమ్మాయికి ఎన్ని, పక్కింటికి ఎన్ని అని మనం వేరు చేస్తాం చూడండి, అక్కడ. వాడి చేతికే రెండు పళ్లిచ్చి "ఇచ్చి రా నాన్నా" అంటాం చూడండి, అక్కడ. ఆ పని మనం చెయ్యాలి. మనం చెయ్యాల్సింది నూరు రూపాయల పుస్తకంలోని పావురానికి అప్పజెప్పి ఊరుకోకూడదు.

నవ్వు వల్ల చదువు పాడవుతుందనే భయం కూడా అక్కర్లేదు. అమెరికాలో 1954లో జాన్ హెర్సీ అనే రచయిత, బడి వాచకాలు బొత్తిగా చప్పగా ఉన్నాయని, అందుకే పిల్లలు చదవడం లేదని లైఫ్ పత్రికలో రాశాడు. ఆ తర్వాత మూడేళ్లకి, 1957లో, డాక్టర్ స్యూస్ పుస్తకం వచ్చింది, అదే టోపీ పెట్టుకున్న పిల్లి. కేవలం 236 వేర్వేరు మాటలతో రాశాడాయన. అమ్మ ఇంట్లో లేని వానరోజున ఒక పిల్లి వచ్చి ఇల్లంతా పీకి పందిరేస్తుంది. ఆ గందరగోళం చూడ్డానికే పిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నారు.

నీతి అక్కర్లేదన్నానని నవ్వించేది ఏదైనా కొనెయ్యమని మాత్రం అనడం లేదు. నేను రెండు చూస్తాను. ఒకటి, నవ్వు ఎవరి మీద? నక్క తన జిత్తులకి తనే బోల్తా పడితే నవ్వొచ్చు. నీటిగుర్రం లావుగా ఉందని, కాకి నల్లగా ఉందని, ఒంటెకి నత్తి ఉందని నవ్వించే పుస్తకం మా ఇంటికి రాదు. మన ఇళ్లల్లో రంగు గురించి ఆడపిల్లలు వినే మాటలు చాలవా, మళ్లీ పుస్తకం కూడానా? నీతివాక్యం లేకపోవడం వేరు, మర్యాద లేకపోవడం వేరు. రెండోది, బొమ్మ తన కథ తను చెబుతోందా? కోతి, అరటిపండు ఉన్న కథకి ఒక కోతి బొమ్మ, ఒక అరటిపండు బొమ్మ అంటించేస్తే అది బొమ్మల పుస్తకం కాదు, బొమ్మలున్న పుస్తకం. అక్షరాలు చేత్తో మూసేసి పేజీలు తిప్పండి. చదవడం రాని పిల్లాడికి ఏదైనా దొరుకుతోందా లేదా తెలిసిపోతుంది.

తెలుగులో ఇలాంటివి దొరకవని చాలామంది అంటారు. వెతికితే ఉన్నాయండి. బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్‌వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో తెలుగు బొమ్మల కథలు డబ్బు కట్టక్కర్లేకుండా చదువుకోవచ్చు, దించుకుని అచ్చు తీసుకోవచ్చు. పుస్తకం స్థాయిని బట్టి ఒకటి, రెండు అని విడదీసి ఉంటాయి కాబట్టి చిన్నవాళ్లకి ఏది సరిపోతుందో తెలుస్తుంది. చెన్నై తూలికావాళ్లవి తెలుగులోనూ, తెలుగు ఇంగ్లీషు పక్కపక్కనా అచ్చైనవీ ఉన్నాయి. మన మంచి పుస్తకంవాళ్లు ఒకప్పటి సోవియట్ పిల్లల పుస్తకాలు కొన్ని మళ్లీ తెస్తున్నారు. మా బెజవాడలో అయితే ఏలూరు రోడ్డు ఉండనే ఉంది, జనవరిలో పుస్తకాల పండగ ఉంది. వెళ్లినప్పుడు పిల్లాణ్ణి కూడా తీసుకెళ్లండి. వాడు ఏ పేజీ దగ్గర నవ్వాడో ఆ పుస్తకం కొనండి, వెనక అట్ట మీద ఏం రాసుందో చూసి కాదు.

ఇంగ్లీషు పుస్తకమైనా సరే, మనకి వచ్చిన తెలుగులో, మన ఇంటి యాసలో చదవండి. కుందేలు పక్కింటి పిల్లలా మాట్లాడాలి, పావురం మనవాడిలా పేచీ పెట్టాలి. బడిలో ఎలాగూ ఇంగ్లీషే. ఇంట్లో కనీసం నవ్వడమైనా తెలుగులో నవ్వనివ్వండి. బతిమాలడం, అలగడం, దెప్పడం, గారాలు పోవడం - ఈ మాటలన్నీ వాచకంలో దొరకవు, ఇలాంటి పుస్తకాల దగ్గరే నోట్లో పడతాయి.

బడి నోటుబుక్కు ఏమైందని అడుగుతారేమో. మా తోడికోడలు పేరెంట్స్ మీటింగులో టీచరుగారితో మాట్లాడింది. గడి ఖాళీగా ఉంచితే పై వాళ్లు ఊరుకోరు అందట ఆవిడ, ఆవిడ ఇబ్బంది ఆవిడది. సరే, గడి నింపుతున్నాం. వారానికొక కథ, దానికొక నీతి, ఆదివారం పొద్దున తల్లీకొడుకులు కలిసి రాసేస్తారు, అది హోంవర్కు. సాయంత్రాలు పెట్టెలోంచి తీసే పుస్తకాలు ఆ లెక్కలోకి రావు, వాటికి ఎవ్వరూ ఏమీ అడగకూడదని ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం. మావయ్యగారు కూడా ఒప్పుకున్నారు, కాకపోతే మధ్యమధ్య ఆయనకి నోరు ఊరుకోదు. వాడు మళ్లీ వస్తున్నాడు. రోజూ కాదు, ఫోను గెలిచే రోజులు ఇంకా ఉన్నాయి. వారంలో నాలుగు రోజులు వస్తే నాకు నాలుగు రోజులే చాలు.

మీ ఇంట్లోనూ ఒక వారం రోజులు చేసి చూడండి. పుస్తకం చదవండి, అయిపోయాక ఏమీ అనకండి. నోరు కట్టుకోవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది, టీవీ సీరియల్ మధ్యలో లేచినట్టు ఉంటుంది. పిల్లలు కాసేపు మీ మొహం చూస్తారు, ప్రశ్న వస్తుందేమోనని. రాదని నమ్మకం కుదిరాక వాళ్లే మాట్లాడటం మొదలుపెడతారు. నక్కకి దెబ్బ తగిలిందా, పాపం దానికి ఆకలేసిందా, వాళ్లమ్మ ఏది, అని. వినండి. మళ్లీ చదవమంటే మళ్లీ చదవండి.